ఆకారం చెప్పి వెతకడం



కంప్యూటర్‌లో తెలుగు టైప్ చేసేవాళ్ళకి కంట్రోల్ ఎఫ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మీటలు నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో మాట కొడితే అది ఎక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. కంట్రోల్ హెచ్ నొక్కితే రెండు పెట్టెలు వస్తాయి, పాత మాటకి ఒకటి, దాని స్థానంలో పెట్టాల్సిన కొత్త మాటకి ఒకటి. ఆ పెట్టెల దగ్గరే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒక గడి ఉంటుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో అడుగున ఉంటుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో చుక్కా నక్షత్రం బొమ్మగా ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో, గూగుల్ డాక్స్‌లో కూడా ఉంది. ప్రోగ్రామర్ల వ్యవహారం మనకెందుకులే అని చాలామంది దాని జోలికి పోరు. నన్నడిగితే ప్రోగ్రామర్ల కంటే ప్రూఫులు దిద్దేవాళ్ళకి, పాత పుస్తకాలు మళ్ళీ అచ్చు వేసేవాళ్ళకి, డీటీపీ చేసేవాళ్ళకి అది ఎక్కువ అవసరం.

మామూలు వెతుకులాటలో మనం పేరు పెట్టి పిలుస్తాం. 1947 అని కొడితే 1947 దొరుకుతుంది. కానీ పుస్తకంలో ఉన్న సంవత్సరాలన్నీ కావాలంటే? 1900 నుంచి 1999 దాకా వందసార్లు వెతకలేం కదా. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడి పేరు తెలియనప్పుడు మైకులో ఏం చెబుతారు? ఎర్ర చొక్కా, ఐదేళ్ళుంటాయి, మొలకి వెండి మొలతాడు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చేసేది అదే, పేరు కాకుండా ఆనవాళ్ళు చెప్పడం. ఒకటి, తొమ్మిది, ఆపైన ఏదో ఒక అంకె, మళ్ళీ ఏదో ఒక అంకె. ‘ఏదో ఒక అంకె’ అనడానికి బ్యాక్‌స్లాష్, పక్కన చిన్న డి. ఇది వాడేవాళ్ళు దీన్ని పొట్టిగా రీజెక్స్ అంటారు. నేనూ అలాగే అంటాను.

రేడియోలో గుర్తులు చూపించలేను కాబట్టి నోటితోనే చెబుతాను. చుక్క అంటే ఏదో ఒక గుర్తు, ఏదైనా సరే. నక్షత్రం అంటే దాని ముందున్నది ఎన్నిసార్లు వచ్చినా సరే, అసలు రాకపోయినా సరే. ప్లస్ అంటే కనీసం ఒక్కసారైనా రావాలి. ప్రశ్నార్థకం అంటే ఉంటే ఉండనీ, లేకపోతే మానెయ్ అని. చదరపు బ్రాకెట్లలో కొన్ని అక్షరాలు రాస్తే వాటిలో ఏదో ఒకటి అని. టోపీ గుర్తు వరుసకి మొదలు, డాలర్ గుర్తు వరుసకి చివర. ఇంకొన్ని ఉన్నాయి కానీ వీటితోనే ముప్పావు వంతు పని జరిగిపోతుంది. ఒక్క హెచ్చరిక. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో వైల్డ్‌కార్డులు అని కనిపించేది ఇదే కుటుంబం కానీ ఇదే మనిషి కాదు. అక్కడ నక్షత్రం ఒక్కటే ఎంత పొడుగు ముక్కనైనా పట్టుకుంటుంది. రీజెక్స్‌లో అదే పనికి చుక్కా నక్షత్రం రెండూ కలవాలి.

మన భాషతోనే చూద్దాం. హైదరాబాద్ అని కొందరు రాస్తారు, హైదరాబాదు అని కొందరు. హైద్రాబాద్ అనీ హైద్రాబాదు అనీ రాసేవాళ్ళూ ఉన్నారు. నలుగురు రచయితల వ్యాసాలు ఒక సంకలనంలో వేస్తే నాలుగూ ఉంటాయి. వీటిని ఒకే ఆనవాలుతో పట్టుకోవచ్చు. ‘హైద’ రాసి ఒక పొల్లు పెట్టి, పొల్లు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఆ తర్వాత ‘రాబాద’, చివర చదరపు బ్రాకెట్లలో పొల్లు, కొమ్ము. మధ్యలో పొల్లు ఉన్నా సరే లేకపోయినా సరే, చివర పొల్లయినా కొమ్మయినా సరే అన్నమాట. నాలుగు రూపాలూ వచ్చేస్తాయి. టైప్ చేస్తుంటే మాత్రం తెర మీద వికారంగా కనిపిస్తుంది. పొల్లుకి ఆసరాగా హల్లు లేకపోయేసరికి చుక్కల సున్నా ఒకటి ప్రత్యక్షమవుతుంది. కంగారు పడకండి, వెతికే యంత్రానికి దాంతో పేచీ లేదు.

యంత్రం చూసే తెలుగు, మన కన్ను చూసే తెలుగు ఒకటి కావు మరి. ‘స్త్రీ’ మన లెక్కలో ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు గుర్తుల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. రీజెక్స్‌లో చుక్క పెడితే ఈ ఆరింటిలో ఒక్కటే పట్టుకుంటుంది. మూడక్షరాల మాటలు వెతుకుదామని మూడు చుక్కలు పెట్టి, ఇదేమిటి ఇలా వచ్చిందని తల పట్టుకునేది ఇక్కడే. పైథాన్ భాషతో వచ్చే మామూలు రీజెక్స్‌లోనైతే మరీ విడ్డూరం. ‘మాటలో భాగమైన గుర్తు’ అని చెప్పే సంకేతం ఒకటుంది, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. అది గుణింతపు గుర్తుల్ని మాటలో భాగంగా లెక్కపెట్టదు. ‘తెలుగు’ అన్న మాటని దానికిస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. దీనికి విరుగుడు సులువే. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించినవి వరసగా 128 స్థానాలు. మొదటిదాన్నుంచి చివరిదాకా అని చదరపు బ్రాకెట్లలో చెప్పేస్తే గుణింతాలు, ఒత్తులు, సున్న, అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

అన్నీ అన్నాను కానీ ఒకటి రాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు టకి వ ఒత్తు పడిపోకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తొకటి పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ దాని పేరు. అది తెలుగు స్థానాల వరసలో లేదు, బయట ఎక్కడో ఉంది. పైగా కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. తెర మీద అచ్చంగా ఒకేలా ఉన్న రెండు మాటల్లో ఒకటి దొరికి ఒకటి దొరకకపోతే నేను మొదట అనుమానించేది దీన్నే. దాన్ని కూడా బ్రాకెట్లలో కలిపి పెట్టుకోవాలి.

ఇంతకీ ఈ చుక్కలూ నక్షత్రాలూ ఎక్కడ పుట్టాయి? చిత్రమేమిటంటే, మెదడు గురించిన ఆలోచనలో. 1943లో వారెన్ మెకల్లక్ అనే నాడీశాస్త్రవేత్త, వాల్టర్ పిట్స్ అనే కుర్ర తార్కికుడు కలిసి ఒక పత్రం రాశారు. నాడీకణాల్ని అవును, కాదు అనే రెండు స్థితుల స్విచ్చుల్లా ఊహించుకుంటే వాటి అల్లిక ఏమేం చెయ్యగలదు అన్నది వాళ్ళ ప్రశ్న. 1951లో స్టీఫెన్ క్లీనీ అనే గణితవేత్త అమెరికాలో ర్యాండ్ సంస్థ కోసం దాన్ని ముందుకి తీసుకెళ్ళాడు. అలాంటి అల్లిక ఏయే సంఘటనల వరసల్ని గుర్తుపట్టగలదో తేల్చి, వాటిని రాయడానికి ఒక లిపి తయారుచేశాడు. ఎన్నిసార్లయినా అనే నక్షత్రం అక్కడిదే, ఇప్పటికీ దాన్ని క్లీనీ స్టార్ అంటారు. ఆ పని 1956లో పుస్తకంలో అచ్చయింది. అప్పటికి టెక్స్ట్ ఎడిటర్ అన్న ఆలోచన కూడా ఆయన బుర్రలో ఉండి ఉండదు.

దాన్ని ఎడిటర్‌లోకి తెచ్చినవాడు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన కెన్ థాంప్సన్. క్యూఈడీ అనే ఎడిటర్‌ని తిరగరాస్తూ, వెతికే చోట క్లీనీ లిపిని పెట్టాడు. మనం కొట్టిన ఆనవాళ్ళని అప్పటికప్పుడు ఐబీఎం 7094 యంత్రభాషలోకి మార్చి పరుగెత్తించేవాడు. ఆ పద్ధతిని 1968లో ఒక చిన్న పత్రంగా ప్రచురించాడు. తర్వాత యూనిక్స్ వచ్చింది, దాంతో ఈడీ అనే ఎడిటర్ వచ్చింది.

అక్కడ ఒక కథ ఉంది, థాంప్సన్ సహోద్యోగి బ్రయన్ కెర్నిగన్ చెబుతుంటాడు. బెల్ ల్యాబ్స్‌లోనే లీ మెక్‌మాన్ అనే ఆయనకి ఫెడరలిస్ట్ పేపర్స్ మీద ఆసక్తి. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 88 సంవత్సరాల్లో మారుపేరుతో వచ్చిన 85 వ్యాసాలవి. హామిల్టన్, మాడిసన్, జే ముగ్గురూ రాశారు కానీ కొన్ని ఎవరివో తగువు తేలలేదు. మాటల వాడకాన్ని బట్టి తేలుద్దామని ఈయన ఆలోచన. వ్యాసాలన్నీ కలిపితే ఈడీలో పట్టలేదు, ఆ రోజుల్లో యంత్రాల జ్ఞాపకశక్తి అంతంతే. ఈడీలో ఒక ఆజ్ఞ ఉండేది. జీ కొట్టి, రెండు గీతల మధ్య ఆనవాళ్ళు రాసి, చివర పీ కొడితే, ఆ ఆనవాళ్ళున్న వరుసలన్నీ చూపించేది. థాంప్సన్ ఆ ఒక్క ముక్కనీ ఎడిటర్ లోంచి విడదీసి, ఫైలుని జ్ఞాపకంలో పెట్టుకోకుండా వరుస తర్వాత వరుస చదివే పనిముట్టుగా మర్నాటికల్లా ఇచ్చాడట. అదే గ్రెప్. యూనిక్స్ మనుషులు యాభై ఏళ్ళుగా పొద్దస్తమానం వాడుతున్నారు. దాని పుట్టుకలో ఉన్నది కంపైలర్ కాదు, బ్యాంకు లెక్క కాదు. ఒక పాఠకుడికి పాత వ్యాసాల మీద కలిగిన కుతూహలం. అందుకే ప్రోగ్రామర్ల వ్యవహారం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక మార్చే పనికి వద్దాం. ప్రాణం ఉన్నదీ ప్రమాదం ఉన్నదీ అందులోనే. వందేళ్ళ నాటి గ్రాంథికంలో ఉన్న పుస్తకాన్ని ఈనాటి పిల్లల కోసం వాడుక భాషలోకి తెస్తున్నారనుకోండి. పుస్తకము, గ్రామము, దేశము. వీటిని పుస్తకం, గ్రామం, దేశం చెయ్యాలి. మాట చివర ‘ము’ ఉంటే తీసేసి సున్న పెట్టు, అన్నీ మార్చు అని ఒక్క నొక్కు నొక్కితే ఏమవుతుంది? పాము పాం అవుతుంది. ఇనుము ఇనుం అవుతుంది. చెప్పుము చెప్పుం అవుతుంది. సొమ్ము, దుమ్ము, కొమ్ము అయితే మ కింద పొల్లు మిగిలి, దాని మీద సున్న కూర్చుని, ఏ భాషకీ చెందని రూపాలవుతాయి.

కాస్త ఆగి చూస్తే ఈ మాటల్లో ఒక తేడా కనిపిస్తుంది. పుస్తకములో ‘ము’కి ముందున్నది క, తలకట్టు ఉన్న అక్షరం. గ్రామములో మ, దేశములో శ, అవీ తలకట్లే. పాములో ముందున్నది దీర్ఘం. ఇనుములో కొమ్ము, చెప్పుములోనూ కొమ్మే. సొమ్ములో పొల్లు. మన చూపుకి తలకట్టు ఒక గుర్తే కానీ యూనికోడ్‌లో దానికి వేరే స్థానం లేదు. తలకట్టు అక్షరం అంటే ఒట్టి హల్లు, అంతే. కాబట్టి ఆనవాలు ఇలా చెప్పాలి: క నుంచి హ దాకా ఏదో ఒక హల్లు, దాని వెంటనే ము, ఆ తర్వాత మాట అయిపోవాలి. ఆ హల్లుని గుండ్రటి బ్రాకెట్లలో పెడితే యంత్రం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మార్చే పెట్టెలో ‘మొదటి బ్రాకెట్టులో దొరికింది, దాని పక్కన సున్న’ అని రాస్తాం. కొన్ని ఎడిటర్లలో దానికి బ్యాక్‌స్లాష్ ఒకటి, కొన్నిటిలో డాలర్ ఒకటి. బెల్లము బెల్లం అవుతుంది, పాము బతికిపోతుంది. అడగము అన్న క్రియ కూడా అడగం అయి బుద్ధిగా కూర్చుంటుంది.

బహువచనానికీ ఇదే పాచిక. హల్లు, తర్వాత ‘ములు’. దాన్ని అదే హల్లు, దీర్ఘం, ‘లు’గా మార్చమనండి. పద్యములు పద్యాలవుతాయి, నియమములు నియమాలవుతాయి. ఎంత బాగుందో అనుకుంటూ ఉండగా ఉత్తములు ఉత్తాలవుతారు. అధములు అధాలవుతారు. అక్కడ ‘ము’ విడిపోయే ము కాదు, మాటలోని మకారమే. ఆ సంగతి చెప్పగలిగిన ఆనవాలు ఆకారంలో లేదు, అర్థంలో ఉంది. రీజెక్స్‌కి అర్థం తెలియదు. ఇంకో గొడవ కూడా ఉంది. ఆ పుస్తకంలో మధ్యమధ్య పద్యాలుంటాయి. పద్యంలో ‘పుస్తకము’ని ‘పుస్తకం’ చేశారా, గణం చెడి ఛందస్సు కుంటుతుంది. పద్యాల్ని ముందే వేరే ఫైల్లో పెట్టుకోవాలి, లేకపోతే ‘అన్నీ మార్చు’ మీట ముట్టుకోకూడదు.

నా అనుభవంలో రీజెక్స్ కష్టమంతా ఇక్కడే ఉంది. ఏది దొరకాలో చెప్పడం పెద్ద విద్య కాదు, గుర్తులు ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఏది దొరకకూడదో ముందే ఊహించడం కష్టం. అందుకే నేను మార్చేముందు ఊరికే వెతికిస్తాను. ఎన్ని దొరికాయో లెక్క చూస్తాను. అనుకున్నదానికంటే మరీ ఎక్కువ దొరికితే అందులో పాములున్నాయన్నమాటే.

తేదీలు తీసుకోండి. 15, గీత, 8, గీత, 1947 అని ఉన్నదాన్ని సంవత్సరం ముందుకి వచ్చేలా తిప్పడానికి మూడు బ్రాకెట్లు చాలు. మూడోది, రెండోది, ఒకటోది అని వరస మార్చి రాస్తే వెయ్యి తేదీలైనా లిప్తలో తిరిగిపోతాయి. కానీ అమెరికాలో ఉన్న మేనకోడలు పంపిన పట్టికలో 3, గీత, 4, గీత, 1998 అని ఉంటే అది ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? ఫోన్ చేసి అడగడమే.

నక్షత్రానికి ఒక గుణం ఉంది, ఆకలి. సుబ్బమ్మ “ఎప్పుడొచ్చావు” అంది, వాడు “పొద్దున్నే” అన్నాడు. ఈ వాక్యంలో సంభాషణలు వేరు చెయ్యాలని కొటేషన్ గుర్తు, చుక్క, నక్షత్రం, మళ్ళీ కొటేషన్ గుర్తు అని రాస్తే రెండు ముక్కలు రావు. మొదటి కొటేషన్ దగ్గర మొదలుపెట్టి చిట్టచివరి కొటేషన్ దాకా, మధ్యలో ‘అంది, వాడు’ సహా, మొత్తం ఒకే ముద్దగా మింగుతుంది. నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం పెడితే ఆకలి తగ్గి, వీలైనంత తక్కువ తింటుంది. అందరూ చెప్పే చిట్కా అది. నాకు ఇంకోటి నచ్చుతుంది. చుక్క బదులు ‘కొటేషన్ గుర్తు కానిది ఏదైనా’ అని రాయడం. చదరపు బ్రాకెట్లు తెరవగానే టోపీ గుర్తు పెడితే ‘ఇవి కానివి’ అని అర్థం వస్తుంది. రెండు మూడు గుర్తులు ఎక్కువ కొట్టాలి కానీ మన మనసులో ఉన్నది సరిగ్గా అదే కదా.

ఈ ఆకలి ఒక్కోసారి పెద్ద యంత్రాల్ని కూడా పడగొడుతుంది. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల సైటు 34 నిమిషాలు ఆగిపోయింది. వరుస చివర ఖాళీలు తీసెయ్యడానికి రాసిన చిన్న రీజెక్స్ కారణం. ఎవరో పెట్టిన రాతలో ఒకచోట 20,000 ఖాళీలు వరసగా పడ్డాయి, కానీ వరుస చివర కాదు, వాటి తర్వాత ఇంకో గుర్తు ఉంది. యంత్రం మొదటి ఖాళీ దగ్గర మొదలుపెట్టి 20,000 నడిచి, చివర కాదని తెలుసుకుని, వెనక్కొచ్చి రెండో ఖాళీ నుంచి మళ్ళీ నడిచింది. తర్వాత మూడోదాన్నుంచి. లెక్క వేస్తే సుమారు 20 కోట్ల అడుగులు. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ కొత్తగా చేర్చిన ఒక భద్రతా నియమంలో చుక్కా నక్షత్రం జంటలు పక్కపక్కనే పడి, ప్రపంచమంతటా దాని సర్వర్లు 27 నిమిషాల పాటు ఊపిరాడక అల్లాడాయి. ఇలా వెనక్కీ ముందుకీ నడవకుండా, ఉన్న దారులన్నిటినీ ఒకేసారి పట్టుకుని ముందుకే వెళ్ళే పద్ధతిని థాంప్సన్ 1968 లోనే చూపించాడు. తర్వాత వచ్చిన చాలా యంత్రాలు అదనపు సౌకర్యాల కోసం దాన్ని పక్కన పెట్టాయి. మన ఎడిటర్‌లో ఇలాంటిది జరిగితే తెర బిగుసుకుపోతుంది, అంతే. ముందు ఫైలు సేవ్ చేసుకుని ఉంటే చాలు.

ఆ అదనపు సౌకర్యాల్లో ఒకటి మాత్రం నేను వదులుకోలేను. బ్రాకెట్టులో దొరికిన ముక్కనే వెతుకులాటలో మళ్ళీ అడగడం. ఒక తెలుగు మాట, ఒక ఖాళీ, మళ్ళీ అదే మాట. పొరపాటున రెండుసార్లు టైపైన మాటలు దొరకడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. ‘అని అని’, ‘ఒక ఒక’, అన్నీ బయటపడతాయి. కాకపోతే ‘ఆ ఆవు’ కూడా బయటపడుతుంది, ఆవులో మొదట ఆ ఉంది కాబట్టి. రెండో మాట తర్వాత ఇంకో తెలుగు గుర్తు ఉండకూడదని చెబితే ఆవు తప్పుకుంటుంది. మొదటి మాటకి ముందూ అదే షరతు పెట్టాలి, లేకపోతే ‘తోటకూర కూర’ కూడా దొరుకుతుంది. ఇంగ్లీషులో అయితే ఇక్కడితో పని దాదాపు అయిపోయినట్టే, దొరికినవాటిలో ఎక్కువ భాగం తప్పులే ఉంటాయి. మన కథల పుస్తకం మీద దీన్ని పెట్టి చూడండి. వేడి వేడి ఇడ్లీలు వస్తాయి. ఎదురు చూసి చూసి కళ్ళు కాయలు కాచినవాళ్ళు వస్తారు. చిన్న చిన్న గొడవలు, పెద్ద పెద్ద మాటలు వస్తాయి. వీటి మధ్య ఎక్కడో ‘వెళ్ళి వెళ్ళి’ అని ఒకటుంటుంది. అది రచయిత నడిచి అలిసిన మనిషి కోసం రాసిందా, వేలు రెండుసార్లు పడిందా అన్నది ఆ పేజీ తెరిచి, ముందు వాక్యమూ వెనక వాక్యమూ చదివితే తప్ప తేలదు.